సొంతంగా ఫోటోగ్రఫీ చేసే అమ్మాయి ఏడాదికి ఏం లక్ష్యం పెట్టుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా సొంతంగా ఫోటోగ్రఫీ చేస్తోంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చిన్న కంపెనీలకు ప్రొడక్ట్ ఫోటోలు తీస్తుంది. వచ్చే ఏడాది లక్ష్యాలంటూ గోడకు మూడు అంటించుకుంది: లక్ష మంది ఫాలోవర్లు, కొత్త కెమెరా, 50 షూట్లు. వాళ్ల నాన్నగారేమో నెలనెలా ఇంత అని ఇంట్లో ఇవ్వాలి, లేదంటే ఏదైనా స్టూడియోలో ఉద్యోగం చూసుకోవాలి అంటున్నారు. ఆ లక్ష్యాలు సరైనవేనా? ఉద్యోగం మేలా, సొంతమే మేలా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది లక్ష్యాల గురించి. అడగకుండా దిగమింగుకున్నది ‘ఈ పిల్ల ఎప్పటికైనా నిలదొక్కుకుంటుందా’ అని. సొంత పని చేసుకునే పిల్లల తల్లులందరూ నన్ను చివరికి అడిగేది ఇదే. కాబట్టి ముందు దానికే జవాబిస్తాను. రెండేళ్ల తర్వాత కూడా డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్లు దొరుకుతున్నారంటే మీ అమ్మాయికి పని వచ్చు. రావాల్సింది లెక్క.

ఇక మీ వారి సంగతి. సీజన్‌లో ఊపిరాడని పని, తర్వాత రెండు మూడు నెలలు ఫోన్ కూడా మోగదు. ఇలాంటి వృత్తిలో ఉన్న మనిషిని నెల జీతం అడిగితే ఏమవుతుందో ఆయన ఆలోచించారా? ఖాళీ నెలలో ఇంట్లో మాట పడలేక సగం రేటుకే ఆర్డర్ ఒప్పుకుంటుంది. ఆ సగం రేటు నలుగురికీ తెలుస్తుంది. సీజన్‌లో వచ్చేవాళ్లూ అదే అడుగుతారు. అంటే పిల్ల సంపాదన పెరగడం లేదని బాధపడేవాళ్లే దాన్ని పెరగనివ్వడం లేదన్నమాట. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. బంధువులింట్లో ఏ వేడుకైనా ‘మన పిల్లే కదా’ అని ఆ అమ్మాయిని ఊరికే పంపిస్తున్నారా? పంపిస్తుంటే ఇకనుంచి మానండి. ఆమెకు అదీ పనిదినమే.

మూడు లక్ష్యాల్లో 50 షూట్లు అన్నదే నాకు కాస్త నచ్చింది. అయినా అది చిన్న అంకె కాదు. ఒక రోజు షూట్ వెనక ఫోటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ డిజైన్, అప్పగింత కలిపి మూడు రోజులు సులువుగా పోతాయి. అంటే 50 షూట్లకు 200 రోజులు. వారానికో సెలవు తీసేస్తే ఏడాదికి మిగిలేవి 313. ఆ తేడాలోనే కొత్త పని వెతుక్కోవాలి, రేట్లు మాట్లాడాలి, బాకీలు వసూలు చేయాలి, జ్వరం వస్తే పడుకోవాలి. పైగా ఆర్డర్లు వారానికొకటి చొప్పున వరసగా రావు, సీజన్‌లో ఒకేసారి మీద పడతాయి. నా మాట వింటే 40కి తగ్గించుకోమంటాను.

ఆ 40తోనే అసలు లెక్క మొదలవుతుంది. ఏడాదికి ఆమె జీవనానికి అయ్యే ఖర్చు, ప్రయాణాలు, సాఫ్ట్‌వేర్ చందాలు, హార్డ్ డిస్కులు, రిపేర్లు, బీమా, సహాయకుల కూలి, పన్ను, ఖాళీ నెలల కోసం పక్కన పెట్టేది, అన్నీ కూడి 40తో భాగించమనండి. వచ్చింది సగటు రేటు. చిన్న షూట్లకు అంతకన్నా తగ్గినా పెద్దవాటిలో పూడాలి. చాలామంది పక్క ఫోటోగ్రాఫర్ ఎంత తీసుకుంటున్నాడో చూసి రేటు పెడతారు. ఆ పక్కవాడు ఇంకొకరిని చూసి పెట్టి ఉంటాడు.

ఈ ఖర్చుల్లో అందరూ మరిచేది కెమెరా అరుగుదల. నికాన్ డి850 అనే కెమెరాలో ఫోటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే షట్టర్‌ను 2 లక్షల క్లిక్‌ల వరకు పరీక్షించామని ఆ కంపెనీ చెబుతుంది. పెళ్లికి మూడు వేల ఫ్రేములు తీస్తే అది 66 పెళ్లిళ్లు. ఆ తర్వాత వెంటనే పాడవుతుందని కాదు, కానీ ప్రతి షూట్‌లోనూ కెమెరా కొంత ఖర్చవుతోంది. ఆ భాగం విడిగా దాస్తే కొత్త కెమెరా దానంతటదే వస్తుంది, గోడకు అంటించుకోనక్కర్లేదు. దానికన్నా ముందు ప్రతి షూట్‌కూ మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలో, ఒకటి వేరే చోట ఉండేలా అలవాటు చేసుకోమనండి. ఒక్క పెళ్లి ఫోటోలు పోతే పోయే పేరు ఏ కెమెరా కొన్నా తిరిగి రాదు.

లక్ష మంది ఫాలోవర్ల మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇన్‌స్టాగ్రామ్ 2010లో ఫోటోల కోసమే పుట్టింది. 2020లో రీల్స్ వచ్చాయి. 2021లో దాని అధిపతి ఆడమ్ మొస్సేరి, ఇది ఇక ఫోటోలు పంచుకునే యాప్ కాదని నోటితోనే చెప్పేశారు. అంతకుముందు అదే యాప్‌ను నమ్ముకుని ఏళ్లకేళ్లు ప్రణాళిక వేసుకున్న ఫోటోగ్రాఫర్లు ఆ రోజు ఏమనుకుని ఉంటారు? ఎవరో ఒక కంపెనీ మీట నొక్కితే మారిపోయే అంకెను ఏడాది లక్ష్యంగా పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. పైగా ఫోటోగ్రాఫర్ల పేజీలు చూసేవాళ్లలో తోటి ఫోటోగ్రాఫర్లే బోలెడుమంది. వాళ్లు లైకులు కొడతారు, ఆర్డర్లివ్వరు. ‘ఫాలోవర్లు పెరిగితే కోర్సులు, ప్రీసెట్లు (ఫోటో రంగులు ఒక్క నొక్కుతో మార్చే రెడీమేడ్ సెట్టింగులు) అమ్ముకోవచ్చు’ అని నాతో చాలామంది పిల్లలు అంటారు. అమ్ముకోవచ్చు. కానీ అది రోజూ వీడియోలు చేసే వేరే వృత్తి, ఫోటోలు తీసే టైమ్‌ను అదే తినేస్తుంది. అదే ఇష్టమైతే ఆ మాటే రాసుకోవాలి. పేజీ మూసేయమనడం లేదు, పని చూపించడానికి ఉంచుకోమనండి.

దాని బదులు తన చేతిలో ఉన్నవి రాసుకోమనండి. వారానికి ఇద్దరు కొత్త కంపెనీలవాళ్లకు తన పని పంపడం. ఆర్డర్ ఇచ్చిన ప్రతివారినీ ‘నా గురించి ఎలా తెలిసింది’ అని అడిగి రాసిపెట్టుకోవడం. అడ్వాన్స్ అందకుండా తేదీ ఖాయం చేయకపోవడం. ఎవరూ అడగకుండా తనకోసం తాను తీసే ఫోటోలు కొన్ని. ఏడాదికి పన్నెండు చెప్పుకోదగ్గ ఫోటోలు వస్తే మంచి పంటే అని ప్రఖ్యాత అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అన్నారని చెబుతారు. ఆయనంతటివారికే పన్నెండు!

ఉద్యోగమా సొంతమా అన్న పోలిక పెద్దగా అక్కర్లేదు. స్టూడియోలో జీతం క్రమంగా వస్తుంది, ఒప్పందాన్ని బట్టి ఫోటోల మీద హక్కు మాత్రం స్టూడియోది కావచ్చు. వేరేవాళ్ల దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకోవడం చిన్నతనమేం కాదు, సొంత పని వదిలేయడమూ కాదు. కానీ ఆ నిర్ణయం ఇప్పుడే, ఇంట్లో గొడవ మధ్యలో తీసుకోకండి. సగం ఏడాది గడిచాక ఆర్డర్లు ఎన్ని, సగటున ఎంత వచ్చింది, ఖర్చెంత అన్నవి మూడూ ఒక కాగితం మీద రాసి పంపమనండి. అవి చూశాక మీ వారితో నేనే మాట్లాడతాను.