గుమ్మటం ఇల్లు మన ఎండకు ఆగుతుందా?

ప్రశ్న: పత్తికొండ రోడ్డులో మాకున్న అరెకరంలో గుండ్రంగా, సిమెంటు గుమ్మటంలాంటి ఇల్లు కట్టుకుంటానని మా అబ్బాయి పట్టు మీదున్నాడు. పిల్లర్లు వద్దు, దూలాలు వద్దు, ఖర్చు సగం అంటాడు. మా మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. ఇలాంటివి ఎక్కడైనా కట్టారా? మనుషులు కాపురం ఉన్నారా? మాకైతే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, కట్టారు, ఉన్నారు కూడా. మీ మేస్త్రీ నవ్వాల్సిన పనేమీ లేదు. అయితే ఖర్చు సగం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

అమెరికాలో వాలెస్ నెఫ్ అనే ఆర్కిటెక్టు 1941లో వర్జీనియాలోని ఫాల్స్ చర్చ్‌లో పన్నెండు బుడగ ఇళ్ళు కట్టించాడు. గుండ్రంగా పునాది పోసి, దానికి పెద్ద బెలూన్ బిగించి గాలి నింపేవారు. పైన కమ్మీల వల చుట్టి, గొట్టంతో సిమెంటు చిమ్మేవారు. అది గట్టిపడ్డాక గాలి తీసి బెలూన్‌ను వాకిట్లోంచి బయటికి లాగేసేవారు. సెంట్రింగ్ చెక్క అక్కర్లేదు. ఆ పన్నెండు ఇళ్ళనూ 1961లో పడగొట్టేశారు. అమెరికాలో మిగిలింది పాసడీనాలో 1946లో కట్టిన ఒక్కటే. నెఫ్ పెద్ద వయసులో అందులోనే ఉన్నాడు. ఆఫ్రికాలోని డాకర్ నగరంలో మాత్రం ఇదే పద్ధతిలో వెయ్యికి పైగా ఇళ్ళు లేచాయి.

ఇటలీలో డాంటే బినీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1964లో బొలోన్యా దగ్గర పచ్చి కాంక్రీటును నేల మీదే పరిచి, అడుగున గాలి కొట్టి, మొత్తం ఒకేసారి పైకి లేపాడు. 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు గుమ్మటం రెండు గంటల్లో నిలబడింది. తర్వాత ఆస్ట్రేలియాలో బడులకు ఇలాంటివి కట్టారు. వాటిలో పిట్‌వాటర్ హైస్కూల్లోది 1986లో కూలింది.

గుమ్మటం బలమెంతో, బలహీనత ఎక్కడో చెప్తాను. వెదురు బుట్టను బోర్లించి నడినెత్తిన అరచేత్తో నొక్కండి. పైభాగం కదలదు, అంచు మాత్రం బయటికి విచ్చుకుంటుంది. కాంక్రీటు నొక్కుడుకు ఆగినట్టు లాగుడుకు ఆగదు. రోములోని పాంథియాన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పు, కమ్మీ ఒక్కటీ లేకుండా దాదాపు 1900 ఏళ్ళుగా నిలబడే ఉంది. దానికి కూడా కింది భాగంలో నిలువు పగుళ్ళున్నాయి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివినప్పటికంటే 1987లో బాగా అర్థమైంది. కల్లూరు అవతల మా బావమరిది తోటలో పన్నెండడుగుల గుమ్మటం పోశాను. బెలూన్ ఎక్కడ దొరుకుతుంది? మట్టి కుప్ప పోసి, తడిపి, గుండ్రంగా చెక్కి, మీద కోళ్ళ వల, సన్న కమ్మీ పరిచి రెండంగుళాల మందాన సిమెంటు మెత్తించాను. వారం తర్వాత లోపలి మట్టి తవ్వి తీయించాను. అది మే నెల, బావిలో నీళ్ళు అడుగంటాయి. గోనె పట్టలు కప్పి మూడు రోజులు తడిపి ఆపేశాం. వాకిలి చుట్టూ అదనపు కమ్మీ వేయలేదు. శ్రావణంలో చూస్తే వాకిలి మూలల నుంచి రెండు పగుళ్ళు మోకాలెత్తు దాకా పాకాయి. వాటిలో బ్లేడు సగం దిగింది. వానకు లోపల కురిసింది. మళ్ళీ ఎండాకాలం వచ్చాక మా అత్తగారు మధ్యాహ్నం అందులో పడుకోబోయి, పావుగంటకే చాప చంకన పెట్టుకుని వేపచెట్టు కిందికి వెళ్ళిపోయారు.

ఆ వేడి మీద నాకు చాన్నాళ్ళు మనసు పీకింది. హంద్రీ ఒడ్డున మన గోల్ గుమ్మజ్ కూడా గుమ్మటమే కదా, లోపల చల్లగా ఉంటుంది! తేడా మందంలో ఉంది. ఆ సున్నపు కట్టడంలోకి ఎండ దిగేలోపు పొద్దు వాలుతుంది. రెండు మూడంగుళాల కాంక్రీటు మాత్రం పెనమే. దీనికి దారి చూపింది అమెరికాలోని ఐడహోలో సౌత్ అన్నదమ్ములు. 1976లో వాళ్ళు బంగాళాదుంపలు నిల్వ చేయడానికి 32 మీటర్ల గుమ్మటం కట్టారు. ఊదిన బట్టకు లోపలి వైపు ముందు ఫోమ్, దాని లోపల కమ్మీ, కాంక్రీటు. ఫోమ్ బయటి వైపు ఉంది కాబట్టి ఎండ కాంక్రీటును ముట్టుకోదు. మీ అబ్బాయి ఎలా కట్టినా సరే, కాంక్రీటుకు బయటి నుంచి వేడి ఆపే పొర వేయించి, మీద తెల్ల కోటింగ్ కొట్టించమనండి. అది లేకపోతే కట్టొద్దు.

ఇక ఖర్చు. గుల్ల తక్కువలోనే అవుతుంది, నిజమే. కానీ బీరువా వంపు గోడకు ఆనదు. అల్మారాలు, కిటికీలు, అన్నీ విడిగా చేయించాలి. ఒక మూల మాట్లాడితే ఇంకో మూల చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. అన్నిటికంటే నాకు బాధగా ఉండేది, మిద్దె ఉండదు. మిరపకాయలు ఎక్కడ ఎండబెడతారు? కరెంటు పోయిన రాత్రి మంచం ఎక్కడ వేసుకుంటారు? పక్కన చిన్న చదరపు గది కట్టి దానికి మిద్దె ఉంచుకోండి. అరెకరంలో చోటుకు కొదవ లేదు.

అడుగున చుట్టు బీము, వాకిలి చుట్టూ దిట్టమైన కమ్మీ, పద్నాలుగు రోజుల తడి. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా మా బావమరిది తోటలో జరిగిందే జరుగుతుంది. కాబట్టి పని దసరా తర్వాత మొదలుపెట్టండి, మేలో వద్దు. గుమ్మటం వెడల్పు, వాకిళ్ళ కొలతలు రాసి పంపమనండి. ఆ బీములో ఎంత లావు కమ్మీ వేయాలో లెక్క వేసి పెడతాను. పోసేముందు మాత్రం మీ దగ్గరి ఇంజనీరుకు డ్రాయింగు చూపించి సంతకం చేయించుకోవాలి.