ఇన్సులిన్ వేస్తే విశ్వాసం లేనట్టా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో పనిచేస్తున్నారు. మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయినేడు షుగర్ అని తేలింది, టైప్ వన్ అన్నారు. రోజూ ఇన్సులిన్ వేయాలి. అప్పటి నుంచి నేను ప్రార్థన చేయని రోజు లేదు, శుక్రవారాలు ఉపవాసం కూడా ఉంటున్నాను. ఈమధ్య మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు బాబు తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత అడుగుతూ ఇంజెక్షన్ వేయడమంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే అన్నారు. మా అత్తగారు మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టి, ఆ మూడు రోజులూ సూది ఆపి చూద్దామంటున్నారు. బాబేమో "యేసయ్యకి నా మీద కోపమా అమ్మా" అని అడుగుతున్నాడు. నాకు విశ్వాసం చాలట్లేదా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: తల్లీ, ఇన్సులిన్ ఆపొద్దు. మూడు రోజుల మాట అటుంచు, ఒక్క పూట కూడా ఆపొద్దు. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

నేను మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మీ అత్తగారికి తెలిసిన షుగర్ వేరు. పెద్దవాళ్లకి వచ్చేది చాలామందికి మాత్రలతో, పథ్యంతో నడిచిపోతుంది. నీ బిడ్డది అలాంటిది కాదు. వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది. బయట నుంచి ఇవ్వకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. ముందు విపరీతమైన దాహం, మాటిమాటికీ బాత్రూమ్, తర్వాత వాంతులు, కడుపునొప్పి. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తుంటారు, నోటి దగ్గర మాగిన పండు వాసన వస్తుంది. ఆ వాసన తెలిసిన నర్సులెవరూ ఆ ప్రసంగీకుడి మాటకి ఆమెన్ అనరు. ఇలాంటివి కనిపిస్తే ప్రార్థన దారిలో చేసుకోవచ్చు, ముందు ఆసుపత్రికి బయల్దేరు. బాబుకి జ్వరమొచ్చి తిండి తినకపోయినా సూది మానకూడదు, ఎంత వేయాలో డాక్టర్‌ని అడగాలి. వాడి చేత ఉపవాసం అసలు చేయించొద్దు.

ఇక రెండు పడవల సంగతి. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి గోడవైపు ముఖం తిప్పుకుని ఏడుస్తూ ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఇంకో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ మాట మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. వాగ్దానం వచ్చేసింది కదా, మళ్లీ ముద్దెందుకని ఎవరూ అడగలేదు. పౌలు ఒంటికి తగిలిన గుడ్డలు తెచ్చి వేస్తేనే ఎఫెసులో రోగులు బాగయ్యారు. అదే పౌలు, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. అక్కడ ఎవరి విశ్వాసం తక్కువైందట? ఈ వచనం మీద స్వస్థత కూటాల్లో ప్రసంగం నేనెప్పుడూ వినలేదు.

మన గుంటూరే చూడు. లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. ప్రార్థన చేతకాక కట్టారా ఆసుపత్రి?

ఇన్సులిన్ రాకముందు నీ బాబులాంటి పిల్లలకి డాక్టర్లు చేయగలిగిందల్లా తిండి బాగా తగ్గించి కొన్నాళ్లు నెట్టుకురావడమే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారు. మొదటి మందు శుభ్రంగా లేక సరిగ్గా పనిచేయలేదు. దాన్ని ఇంకా శుద్ధి చేసి, పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఇస్తే షుగర్ దిగింది. అంతకుముందు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు నీలాగే మోకాళ్ల మీద ఉన్నవాళ్లే. వాళ్ల ప్రార్థన ఎందుకలా అయిందో చెప్పే ధైర్యం నాకు లేదు. నీకు మాత్రం ఆ మందు అందింది. దాన్ని దేవుడి చేతి నుంచే తీసుకో.

విశ్వాసం చాలట్లేదా అన్నావు. మార్కు సువార్తలో ఒక తండ్రి జబ్బుపడ్డ కొడుకుని తీసుకొచ్చి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని కేక పెట్టాడు. యేసు ప్రభువు ఆయన విశ్వాసాన్ని తూకం వెయ్యలేదు, పిల్లవాణ్ణి లేవనెత్తాడు. పొద్దున్నే లేచి వేలు గుచ్చి షుగర్ చూసి, సూది వేసి, క్యారేజీ కట్టి బడికి పంపుతున్నావే, ఆయన్ని వెంబడించడంలో అదీ భాగమే.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది బాబు అడిగిన మాట. వాడికి ఈ రాత్రే జవాబు చెప్పు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి అమ్మానాన్నలూ కాదు అన్నాడు ప్రభువు. ఆ కథ యోహాను తొమ్మిదిలో ఉంది, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. తల మీద చెయ్యి పెట్టినవాళ్లు వెళ్లిపోయారు, ఆ భయం మాత్రం పిల్లాడి దగ్గర మిగిలింది. మళ్లీ అలాంటి వేదిక ఎక్కించొద్దు.

అత్తగారితో గొడవ పడకు. మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు ఆవిడ. "ఉపవాసం మీరూ నేనూ ఉందాం అత్తయ్యా, వాడికి అన్నం, సూది టైముకి జరగాలి" అను. వినకపోతే ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు, ఆయన నోటితోనే విననీ. కువైట్‌కి ఫోన్ చేసి మీ ఆయనకీ చెప్పు. కొడుకు మాటకి ఉండే బరువు వేరు.

పూర్తిగా బాగుచెయ్యమని అడగడం మానొద్దు. ప్రతిరోజూ అడుగు. దేవుడు బాగుచేస్తే గ్లూకోమీటర్‌లో కనిపిస్తుంది, డాక్టరే పరీక్షలు చేసి డోసు తగ్గిస్తాడు. యేసు ప్రభువు కుష్ఠురోగిని శుద్ధుణ్ణి చేశాక కూడా వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు కదా!

ఒకటి అడగడం మర్చిపోయాను. షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి బాబు బ్యాగులో గ్లూకోజ్ ఉంచావా? బళ్లో టీచరుకి ఈ సంగతి తెలుసా? ఈసారి రాసేటప్పుడు ఆ రెండూ రాయి.