పొరుగు దేశాల ఆక్వా నిబంధనలు: ముందు లా చదవాలా, ఎం.ఎఫ్.ఎస్సీ. చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ముత్తుకూరు కళాశాలలో బి.ఎఫ్.ఎస్సీ. (మత్స్యశాస్త్ర డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతోంది. తీరదేశాలన్నిటికీ వర్తించే ఆక్వా నిబంధనలు రూపొందించే సంస్థలో పనిచేయాలని, అందుకు ఎల్‌ఎల్‌బీ చేస్తానని అంటోంది. మొగల్తూరు వద్ద మాకు రొయ్యల చెరువులున్నాయి. ఏమి చదివించమంటారు?

జవాబు: ఎల్‌ఎల్‌బీ తరువాత చేయవచ్చు గాని, ముందు ఎం.ఎఫ్.ఎస్సీ.లో (మత్స్యశాస్త్ర పీజీలో) జలజీవుల ఆరోగ్య నిర్వహణ చదివించండి. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ కలిపి ఆక్వా చట్టమంటూ ఒకటి లేదు. కొత్త జాతులను ఉమ్మడి జలాల్లోకి తెచ్చే ముందు పొరుగు దేశాలను సంప్రదించాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995 నాటి ప్రవర్తనా నియమావళిలో చెప్పింది. అయితే దానిని పాటించడం స్వచ్ఛందం. కాబట్టి ఆచరణలో దేశాల మధ్య నియంత్రణ అంటే వ్యాధుల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, తల్లి రొయ్యల దిగుమతిపై షరతులు, ఎగుమతి సరుకులో యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షలు, ఇవే.

రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే తెల్లమచ్చ వ్యాధి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తూర్పు ఆసియాలో బయటపడిన ఆ వైరస్ 1994 నాటికి మన టైగర్ రొయ్యల చెరువులకు చేరింది. 2009లో విదేశీ జాతి రొయ్య వెనామీకి అనుమతి వచ్చినప్పుడు, విమానంలో దిగే తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే హేచరీలకు (రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాలకు) వెళ్లాలని షరతు పెట్టింది ఆ అనుభవంతోనే. వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్ష ఫలితం అర్థం చేసుకోగలిగిన మనిషికి ఇలాంటి షరతు రాయడంలో ఉన్న పట్టు, కేవలం సెక్షన్లు చదివినవారికి రాదు.

సీట్ల కోసం ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాయించండి. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థను మొదటి ఎంపికగా పెట్టుకోవచ్చు. ఖర్చు భరించగలిగితే థాయ్‌లాండ్‌లోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనూ ఆక్వాకల్చర్ పీజీ ఉంది.

ఉద్యోగాల విషయంలో ఆశలు పెద్దగా పెట్టుకోవద్దు. బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఆసియా-పసిఫిక్ ఆక్వా కేంద్రాల నెట్‌వర్క్ (నాకా) చిన్న సంస్థ. చెన్నైలోని బంగాళాఖాత కార్యక్రమ సంస్థలో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు సభ్యులే గాని, దాని పని ఎక్కువగా సముద్రపు వేట చుట్టూ తిరుగుతుంది. అందుచేత తీరప్రాంత చెరువులను నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలోనో, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాలోనో, రాష్ట్ర మత్స్యశాఖలోనో కొన్నేళ్లు పనిచేశాకే అటు ప్రయత్నించడం మంచిది. ఎల్‌ఎల్‌బీ చేయాలనుకుంటే అప్పుడు చేయవచ్చు.

ఈ సెలవుల్లో మీ చెరువుల రిజిస్ట్రేషన్ పత్రాన్ని, దాని వెనుక ఉన్న 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదవమనండి. మురుగునీటి షరతు దగ్గర మీరూ కూర్చుని, చెరువు గట్టున అది ఎంతవరకు సాగుతోందో ఉన్నదున్నట్టు చెప్పండి.