లింఫోసైట్లు పెరిగాయి, మందులు ఇప్పుడే వద్దన్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. కంటి శస్త్రచికిత్సకు ముందు చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు 28,000, వాటిలో లింఫోసైట్లు 80 శాతం ఉన్నాయి. ఫ్లో సైటోమెట్రీ (రక్తకణాల మీది గుర్తులను పట్టిచూసే పరీక్ష) చేసి దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అన్నారు. ఎముక మజ్జ పరీక్ష చేయలేదు, మందులూ ఇవ్వలేదు. 3 నెలల తరువాత రమ్మన్నారు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనదే. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఊరికే ఉండమంటే ఏ బిడ్డ మనసూ ఒప్పుకోదని నాకు తెలుసు. అయితే బి లింఫోసైట్లు చావవలసిన సమయానికి చావకుండా రక్తంలో, లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో పోగుపడే ఈ జబ్బు చాలామందిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. ఇవే కణాలు ప్రధానంగా గ్రంథుల్లోనే చేరితే స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా అంటారు; పేర్లు రెండైనా జబ్బు ఒకటే.

ఇన్ఫెక్షన్లలోనూ లింఫోసైట్లు పెరుగుతాయి కనుక సంఖ్య ఒక్కటే చాలదు. ఒకే కణం సంతతికి చెందిన బి లింఫోసైట్లు మైక్రోలీటరు రక్తంలో కనీసం 5,000 చొప్పున, 3 నెలల పాటు నిలిచి ఉండాలి. అవి ఒకే సంతతివని తేల్చేది ఫ్లో సైటోమెట్రీయే. మామూలుగా టి కణాల (మరో రకం లింఫోసైట్ల) మీద ఉండే సీడీ5 అనే గుర్తు, సీడీ19, సీడీ23లతో కలిసి బి కణాల మీద కనిపించడం బలమైన ఆధారం. గాజుపలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పెళుసైన ఈ కణాలు కొన్ని పూతలోనే చితికి, అలుక్కుపోయిన సిరా మరకల్లా కనిపిస్తాయి. రక్తమే ఇంత చెబుతున్నప్పుడు, నిర్ధారణ కోసం మజ్జ తీయవలసిన అవసరం సాధారణంగా రాదు.

చికిత్సకు ముహూర్తం పెట్టేది తెల్లకణాల సంఖ్య కాదు. మజ్జ దెబ్బతిని హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తగ్గడం, గ్రంథులు లేదా ప్లీహం బాగా ఉబ్బడం, లింఫోసైట్లు 6 నెలల లోపే రెట్టింపు కావడం, అదే వ్యవధిలో బరువు 10 శాతం తగ్గడం, రాత్రివేళ బట్టలు తడిసేలా చెమటలు పట్టడం వంటివి మొదలైతేనే చికిత్స ఆలోచిస్తారు. లక్షణాలు లేని తొలిదశలోనే క్లోరాంబుసిల్ అనే మందునూ, తరువాతి కాలంలో ఇబ్రూటినిబ్ అనే మందునూ ఇచ్చి చూసిన అధ్యయనాల్లో రోగుల ఆయుర్దాయం పెరగలేదు. దుష్ఫలితాలు మాత్రం ముందే మొదలవుతాయి. చికిత్స తప్పనిసరి అయిన రోజున, 17వ క్రోమోజోములో లోపాన్నీ, టీపీ53 జన్యువులో మార్పునూ పరీక్షించిన తరువాతే మందును ఎంచుకోవాలి.

ఈలోగా జ్వరం వస్తే తేలికగా తీసుకోకండి, ఎందుకంటే ఈ జబ్బులో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వైద్యుణ్ని అడగండి. జీవించి ఉన్న క్రిములతో తయారయ్యే టీకాలు మాత్రం వేయించవద్దు. నాన్నగారి పాత రక్తపరీక్షల కాగితాలు ఇంట్లో ఉంటే వెతికి తీసుకువెళ్లండి. రెండు మూడేళ్ల నాటి అంకెలు దొరికితే, లింఫోసైట్లు ఎంత నిదానంగా పెరుగుతున్నాయో వైద్యునికి అప్పుడే తెలుస్తుంది.