మాత్ర ఆపితే మంట మళ్లీ వస్తోంది... హయటస్ హెర్నియాకు ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రెండేళ్లుగా గుండెల్లో మంట. రాత్రి నడుం వాల్చగానే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి. ఎండోస్కోపీ చేసి 3 సెంటీమీటర్ల హయటస్ హెర్నియా ఉందన్నారు. గ్యాస్ మాత్ర వాడినన్నాళ్లూ మంట తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. మా బావగారికి గజ్జల్లో హెర్నియాకు ఆపరేషన్ చేశారు. నాకూ తప్పదా? చేయించుకుంటే మళ్లీ రాదా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ బావగారి హెర్నియాకూ మీ హెర్నియాకూ పేరులోనే చుట్టరికం. గజ్జల్లోదైతే పేగు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది కాబట్టి చాలామందికి ఆపరేషన్ చేస్తాం. మీ సంగతి వేరు. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు తెర ఉంటుంది. అన్నవాహిక దిగడానికి అందులో ఒక కంత. వయసు, బరువు, కాన్పులు, మానని దగ్గు, ముక్కడం వల్ల అది వదులై జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారుతుంది. నూటికి 90 మందికి పైగా ఈ జారే రకమే. మీ రిపోర్టులో ‘స్లైడింగ్’ అని ఉంటే అదే. అది ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు.

‘పారాఈసోఫేజియల్’ అని ఉంటే మాత్రం సర్జన్‌కు చూపించాల్సిందే. అందులో జీర్ణాశయం అన్నవాహిక పక్కనుంచి పైకెక్కుతుంది, పెద్దదైతే మెలిపడొచ్చు. హఠాత్తుగా ఛాతీలో తీవ్రమైన నొప్పి, వాంతి వస్తున్నట్టే ఉండి ఏమీ రాకపోవడం దాని గుర్తులు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంతకీ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రాత్రి భోంచేసి, మంట మొదలయ్యాక వేసుకుంటారు. పాంటాప్రజోల్ లాంటివి పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు, పరగడుపున వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల ఎడం ఉంచండి. తలకింద రెండు దిండ్లు పెడితే మెడ నొప్పే మిగులుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఆరేడు అంగుళాల ఎత్తు పెట్టండి, ఎడమపక్కకు తిరిగి పడుకోండి. బరువు ఎక్కువుంటే కాస్త తగ్గినా తేడా తెలుస్తుంది. ఇంకోమాట: నడిచినప్పుడు వచ్చే మంట, చెమటతో వచ్చే మంట ఉంటే ముందు ఈసీజీ తీయించుకోండి. గ్యాసేలే అనుకుని గుండెపోటును ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మాత్ర పులుపును తగ్గిస్తుంది కానీ పైకి పొంగడాన్ని ఆపదు. సరిగ్గా వాడుతున్నా రాత్రిళ్లు నీళ్లు గొంతులోకి వచ్చి దగ్గుతో లేస్తుంటే, అన్నవాహికలో పుండ్లు మానకపోతే, జీవితాంతం మాత్రలు వద్దనుకుంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. మాత్రకు బాగా లొంగే మంటే ఆపరేషన్‌కూ బాగా లొంగుతుంది. ఆ లెక్కన మీకు ఫలితం బాగుండే అవకాశం ఉంది.

లాప్రోస్కోపీలో నాలుగైదు చిన్న రంధ్రాల గుండా జారిన భాగాన్ని కిందికి లాగి, వదులైన కంతను కుట్లతో బిగిస్తాం. తర్వాత జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ, మెడకు కండువా చుట్టినట్టు చుట్టి కుడతాం. పూర్తిగా చుడితే నిస్సెన్ పద్ధతి, ముప్పాతిక వంతు చుడితే టూపే. ఏది సరిపోతుందో తేల్చడానికి ముందు మానోమెట్రీ, అంటే అన్నవాహిక కదలికల బలాన్ని కొలిచే పరీక్ష, చేయించాలి. అన్నవాహిక కదలికలు బలహీనంగా ఉన్నవాళ్లకు పూర్తి చుట్టు వేస్తే ముద్ద దిగదు. ఈ పరీక్ష ఊసే ఎత్తకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే, ఎందుకు అక్కర్లేదో అడగండి.

ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. రెండు వారాలు జావ, మజ్జిగ, పప్పుకట్టు. ఆ తర్వాత మెత్తటి అన్నం, ఇడ్లీ. చపాతీ, మాంసం ముక్కలకు తొందరపడొద్దు, గొంతు కింద పట్టేసినట్టుంటుంది. వాపు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. నెలన్నర పాటు బియ్యం బస్తా, నీళ్ల బిందె ఎత్తొద్దు. కొందరికి త్రేన్పు సరిగ్గా రాదు, కడుపు ఉబ్బరిస్తుంది. పెళ్లిభోజనమయ్యాక సోడా తాగి బ్రేవ్‌మనే అలవాటుంటే అది మానుకోవాల్సిందే.

మళ్లీ రాదా అన్నారు. రావచ్చు, పెద్ద హెర్నియాల్లో మరీ ఎక్కువ. అయితే ఏళ్ల తర్వాత స్కాన్‌లో కాస్త జారినట్టు కనిపించినా చాలామందికి బాధ ఉండదు, రెండో ఆపరేషన్ కొద్దిమందికే అవసరమవుతుంది. మీరు ముందు మాత్రను పరగడుపుకు మార్చి రెండు నెలలు చూడండి. అప్పటికీ రాత్రిళ్లు నీళ్లు పైకొస్తుంటే ఎండోస్కోపీ రిపోర్టుతో సర్జన్‌ను కలవండి.