గుర్రం కాళ్ల గొడవ

ప్రశ్న: సార్, మా చౌరస్తాలో గుర్రం మీద శివాజీ విగ్రహం పెట్టాలని కమిటీ వేసుకున్నాం. గుర్రం ముందుకాళ్లు రెండూ లేస్తే ఆ వీరుడు యుద్ధంలో చనిపోయినట్టు, ఒక్కటే లేస్తే గాయాలతో పోయినట్టు అని వాట్సాప్‌లో చూసి కొట్లాడుకుంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: శిల్పులెవరూ అలాంటి రూల్ పెట్టుకోలేదు. వాషింగ్టన్‌లోని లాఫయెట్ పార్కులో జనరల్ ఆండ్రూ జాక్సన్ కంచు విగ్రహం ఉంది. గుర్రం ముందుకాళ్లు రెండూ గాల్లోనే! జాక్సన్ మాత్రం 1845లో జబ్బుచేసి ఇంట్లోనే పోయాడు. మీ శివాజీ అయినా 1680లో రాయగఢ్ కోటలోనే కదా కన్నుమూసింది.

మీరు టెన్షన్ పడాల్సింది బరువు గురించి. 1853లో ఆ జాక్సన్ విగ్రహం చేసిన క్లార్క్ మిల్స్ వెనక కాళ్లను పొట్ట కిందికి జరిపి, భారమంతా వాటి మీదే నిలిపాడు. తోక కూడా దిమ్మెకు తగలదు. అంత ధైర్యం అందరికీ ఉండదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1782 నాటి పీటర్ చక్రవర్తి గుర్రం చూడండి. డెక్కల కింద నలుగుతున్న పాము గుర్రం తోకను తాకుతూ ఉంటుంది. చూసేవాళ్లకు అది శత్రువు, శిల్పికి మూడో కాలు!

మీ శిల్పితో రెండే మాటలు చెప్పండి. వెనక కాళ్లలోని ఇనుము దిమ్మె కాంక్రీటులోకి లోతుగా దిగాలి, తోక కిందికి ఆనాలి. కాళ్లెన్ని లేపాలో ఆయనకే వదిలేయండి. వాట్సాప్ పెద్దమనుషులకు చందా పుస్తకం ఇచ్చి పంపండి, పని జరుగుతుంది.