పిల్లికూతలు ఆగిపోతే ఉబ్బసం తగ్గినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కడప. ఉద్యోగరీత్యా బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఏడేళ్ల బాబుకు ఉబ్బసం ఉంది. కిందటి నెల జలుబు చేసి, రాత్రి ఆయాసం బాగా ఎక్కువైంది. తెల్లవారుజామున పిల్లికూతలు తగ్గి మగతగా పడుకుంటే, నెమ్మదించిందనుకున్నాం. అయినా అనుమానం తీరక ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడి డాక్టర్ స్టెతస్కోపు పెట్టి చూసిన వెంటనే ఆక్సిజన్ పెట్టించారు. వెంటవెంటనే నెబ్యులైజర్, స్టెరాయిడ్, ఆపైన మెగ్నీషియం ఇచ్చారు. ఎక్స్‌రే మాత్రం తీయలేదు. చప్పుడు తగ్గాక ఇంత హడావిడి ఎందుకు? ఇన్ని మందులు పసివాడికి హాని చేయవా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, అనుమానం వచ్చిన వెంటనే బయలుదేరి మీరు చాలా మంచి పని చేశారు. ఉబ్బసం తీవ్రమైనప్పుడు శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తుంది, జిగురు కఫం పేరుకుంటుంది. అలా సన్నబడిన దారిలోంచి గాలి ఒరుసుకుంటూ వెళ్తున్నప్పుడు పుట్టేదే పిల్లికూత. అంటే కూత వినిపించాలన్నా కొంత గాలి ఆడుతూ ఉండాలి. దారి దాదాపు మూసుకుపోయి, పిల్లవాడు ఊపిరి తీసీ తీసీ అలసిపోయినప్పుడు ఆ చప్పుడు కూడా ఉండదు. మందు పనిచేసి కూత తగ్గిన పిల్లవాడు తేరుకుని మాట్లాడతాడు, నీళ్లడుగుతాడు, ఆడుకోవాలని చూస్తాడు. ఆయాసం తగ్గకుండానే కూత ఆగి మగత కమ్మితే అది ప్రాణాపాయానికి సూచన. మీ డాక్టర్ గుర్తించింది దాన్నే.

అత్యవసర విభాగంలో పిల్లవాడిని చూడగానే మేము గమనించేవి ఇంట్లో మీరూ గమనించగలిగినవే. ఒక్క వాక్యం పూర్తిగా పలకగలుగుతున్నాడా, డొక్కలు ఎగరేస్తున్నాడా, మెడ దగ్గర, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోందా, పెదవులు నీలం తిరుగుతున్నాయా అని చూస్తాం. ఐదేళ్లు దాటిన పిల్లలలో ఊపిరి నిమిషానికి 30 సార్లకు, నాడి 125కు మించడం, రక్తంలో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గడం తీవ్రతకు గుర్తులు. అయితే ఈ అంకెలన్నిటికంటే పిల్లవాడి మాటనూ మెలకువనూ నేను ఎక్కువగా నమ్ముతాను. ఆక్సీమీటరు 94 చూపిస్తోందని, మాట రాక రెండు పదాలకే ఆగిపోతున్న పిల్లవాడిని ఇంట్లో ఉంచుకోవడం సరికాదు.

ఇక మందుల సంగతి. ఆక్సిజన్ 94 నుంచి 98 శాతం మధ్య నిలిచేలా చూస్తూ, శ్వాసనాళాలను వదులు చేసే మందు సాల్బుటమాల్‌ను మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకు ఒకసారి ఇస్తారు. దానికి అలాంటిదే మరో మందు ఇప్రట్రోపియం కలుపుతారు. ఒక్కో మోతాదు తర్వాత మళ్లీ పరీక్షించి ముందుకు వెళ్తారు కనుక, మీకు హడావిడిగా కనిపించినదంతా ఒక క్రమంలో జరిగినదే. సాల్బుటమాల్ వల్ల గుండె దడ, చేతుల వణుకు, రక్తంలో పొటాషియం తగ్గడం వంటివి రావచ్చు. అందుకే దగ్గరుండి చూస్తారు. స్టెరాయిడ్ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. వాంతులు లేని పిల్లవాడికి నోటి ద్వారా ఇచ్చినా ఇంజెక్షన్‌తో సమానంగానే పనిచేస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు వాడే ఈ కోర్సును, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగితే వచ్చే సమస్యలతో పోల్చి భయపడవద్దు. వీటికి లొంగనప్పుడు మెగ్నీషియం సల్ఫేట్‌ను కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా 2 గ్రాములు, దాదాపు 20 నిమిషాలపాటు రక్తపోటు చూస్తూ నరంలోకి ఎక్కిస్తారు. అది బిగిసిన కండరాలను సడలిస్తుంది. ఎక్స్‌రే అందరికీ అవసరం లేదు. న్యుమోనియా అనుమానమో, ఒక పక్క గాలి బొత్తిగా వినపడకపోవడమో ఉంటేనే తీస్తారు.

తల్లిదండ్రులకు తరచూ వింతగా తోచే విషయం ఒకటుంది. వేగంగా ఊపిరి తీస్తున్న పిల్లవాడి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే తక్కువగా ఉండాలి. అందువల్ల రక్తపరీక్ష రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తే మేము సంతోషించం. పిల్లవాడు అలసిపోతున్నాడని గ్రహించి ఐసీయూకు కబురు చేస్తాం.

ఇక మీదట ఆయాసం మొదలైతే ఇన్‌హేలర్‌ను తప్పనిసరిగా దానికి తగిలించే బోలు గొట్టమైన స్పేసర్‌తో వాడండి. ప్రతిసారీ ఇన్‌హేలర్‌ను కుదిపి, ఒక్కో పఫ్ విడిగా కొట్టి, బాబు దాన్ని నాలుగైదు మామూలు శ్వాసలలో పీల్చుకునేలా చూడండి. మీ డాక్టర్ రాసిచ్చిన సంఖ్య వరకు ఇచ్చినా నెమ్మదించకపోతే, నెమ్మదించినట్టే ఉండి కాసేపటికే తిరగబెడితే ఆసుపత్రికి బయలుదేరండి, దారిలోనూ పఫ్‌లు కొనసాగించండి. మాట రాకపోతే, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి. ఔటర్ రింగ్ రోడ్డు రద్దీలో సొంత కారులో ఆక్సిజన్ లేకుండా చిక్కుకుపోవడం అన్నిటికంటే ప్రమాదకరం. నిద్ర పట్టడానికని, దగ్గు ఆగడానికని మత్తు కలిగించే సిరప్‌లు ఆ సమయంలో ఒక్క చుక్క కూడా ఇవ్వకండి.

ఇంటికి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో పిల్లల వైద్యుణ్ణి మళ్లీ కలవవలసి ఉంటుంది. మీరింకా వెళ్లి ఉండకపోతే ఈ వారమే వెళ్లండి. స్పేసర్‌నూ ఇన్‌హేలర్‌నూ వెంట తీసుకెళ్లి, బాబు వాడే పద్ధతి సరిగా ఉందో లేదో ఆయన ఎదుటే చేయించి చూపించండి. రోజువారీ పీల్చే స్టెరాయిడ్ మందు అవసరమా అని అడగండి. ఏ లక్షణానికి ఏం చేయాలో కాగితం మీద రాయించుకుని, ఒక ప్రతి బడిలో టీచరుకు ఇవ్వండి.